మీటర్ తిప్పిన కారు అంటగట్టారు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నాలుగు నెలల క్రితం అనంతపురంలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే షాపులో 3.20 లక్షలకు కారు కొన్నాను. మీటర్‌లో 46 వేల కిలోమీటర్లు ఉంది. మొన్న అమ్మను తీసుకుని తాడిపత్రి వెళ్తుంటే ఇంజన్ వేడెక్కి పొగలొచ్చాయి. మెకానిక్ ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలా తెల్లటి నురుగు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌లో నీళ్లు, ఆయిలు కలవకుండా ఆపే సీలు) పోయిందట. అమ్మినాయన 'సంతకం పెట్టావు కదా' అని ఫోన్ పెట్టేశాడు. అప్పు చేసి కొన్నాను, నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, టెన్షన్ పడకు. ముందు ఒక్క పని: ఇంజన్ ఇప్పుడే విప్పించకు. ఆ నురుగును, మీటర్‌ను ఫొటోలు తీసి, మెకానిక్ చేత లోపం రాయించి సంతకం తీసుకో. తర్వాత ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఆర్.సి. తీసుకెళ్లి పాత సర్వీస్ వివరాలు అడుగు. రెండేళ్ల కిందటే 90 వేల కిలోమీటర్లు నమోదై ఉంటే, మీటర్ వెనక్కి తిప్పారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. క్లచ్ పెడల్ రబ్బరు కూడా చూడు, 46 వేలకే నున్నగా అరిగిపోదు.

వీటితో షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపు. రసీదు దాచుకో. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యి. గడువు రెండేళ్లు. కొన్నప్పుడు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. లోపం తెలిసీ దాచి అమ్మడం మోసం. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అది ఒప్పయిపోదు. అదే షాపు కాకుండా మామూలు ఓనరు అమ్మి ఉంటే దారి వేరు, సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఆర్.సి. నీ పేరు మీదకు మారిందా? లేకపోతే ఆ పని రేపే చూసుకో.