డాష్‌క్యామ్‌లో పడింది సరే, పోలీసులకు ఎలా పంపాలి? బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్ల కోసం

ఎదుటివాడు రెడ్ లైట్ దాటుకుని దూసుకుపోయాడు, మన డాష్‌క్యామ్‌లో అంతా పడింది, పంపిస్తే పోలీసులు పట్టించుకుంటారా అని కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు. తప్పకుండా పట్టించుకుంటారు. 2016లో ఉత్తర వేల్స్ పోలీసులు ఆపరేషన్ స్నాప్ పేరుతో ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలాచోట్ల పోలీసుల వెబ్‌సైట్‌లోనే క్లిప్ అప్‌లోడ్ చేయొచ్చు. సంఘటన ఏ ఊరి పరిధిలో జరిగిందో ఆ పోలీసులకే పంపాలి, మీరుండే ఊరి వాళ్లకు కాదు. హైదరాబాద్‌లో ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు వాట్సాప్ చేసినంత తేలిక మాత్రం కాదు.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది 14 రోజుల గడువు. నిర్లక్ష్యంగా నడపడం, సిగ్నల్ దాటడం వంటి నేరాలకు కేసు పెట్టబోతున్నామన్న నోటీసు 14 రోజుల్లోగా ఆ కారు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లకు అందాలి. పోలీసులు మీ వీడియో చూడాలి, నంబరు పట్టుకుని యజమాని చిరునామా తీయాలి, నోటీసు పోస్టులో వెళ్లాలి. శనివారం తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే ఈ గడువు కరిగిపోతుంది. అదే రోజు, లేదంటే మర్నాడు పంపేయండి. ప్రమాదమే జరిగితే సాధారణంగా ఈ నోటీసు నియమం వర్తించదు, అయినా ఆలస్యం మంచిది కాదు.

చాలామంది క్లిప్ దగ్గరే పొరపాటు చేస్తారు. తప్పు జరిగిన ఆ నాలుగు సెకన్లు కత్తిరించి పంపుతారు. అంతకు ముందు కనీసం ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం ఉండాలి, కొన్నిచోట్ల రెండేసి నిమిషాలు అడుగుతారు. అవతలివాడిని మీరేమైనా రెచ్చగొట్టారా, హారన్ కొట్టి వెంటపడ్డారా అన్నది అందులోనే తేలుతుంది. కెమెరా ఒక నిమిషానికో మూడు నిమిషాలకో ఒక ఫైలు చేస్తుంది కాబట్టి సంఘటన రెండు ఫైళ్ల మధ్య పడొచ్చు. అప్పుడు రెండూ యథాతథంగా పంపండి. కార్డు బయటికి తీసి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవాలి. వాట్సాప్‌లో తనకు తాను పంపుకుని అక్కడి నుంచి దించుకుంటే వీడియో కుదించుకుపోయి నంబర్ ప్లేటు మసకబారుతుంది. అసలు ఫైలును కేసు ముగిసేదాకా దాచండి. అప్పటిదాకా ఫేస్‌బుక్‌లో, తెలుగు గ్రూపుల్లో పెట్టకండి.

ఇంకొకటి గడియారం. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గంట మారుతుంది, చాలా కెమెరాలు తమంతట తాము మార్చుకోవు. వేసవిలో సాయంత్రం 5:40కి జరిగింది వీడియోలో 4:40 అని పడితే అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. వీడియోలో దిద్దకండి. కెమెరా గంట వెనక ఉందని, వీడియోతో పాటు మీరిచ్చే స్టేట్‌మెంట్‌లో (రాతపూర్వక వాంగ్మూలంలో) ఒక వాక్యం రాస్తే చాలు. ఆ స్టేట్‌మెంట్ మీద మీ సంతకం ఉంటుంది, అవసరమైతే కోర్టుకు వస్తానని ఒప్పుకున్నట్టే. చాలా కేసులు అక్కడిదాకా వెళ్లవు. కారు ఎవరు నడిపారో యజమాని 28 రోజుల్లో చెప్పాలి, ఆ తర్వాత నేరాన్ని బట్టి శిక్షణ తరగతో, 100 పౌండ్ల జరిమానాతో పాటు లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లో, కోర్టో. చివరికి ఏమైందో మీకు తెలియజేయకపోవచ్చు. కబురు లేనంత మాత్రాన పక్కన పడేశారని అనుకోనక్కర్లేదు.

పంపేముందు వీడియోలో మిమ్మల్ని మీరు చూసుకోండి. జీపీఎస్ ఉన్న కెమెరా మీ వేగాన్నీ కింద అచ్చేస్తుంది. నంబరు చదవడానికని మోటార్‌వే మీద 85 మైళ్ల వేగంతో వెంటపడితే ఆ సాక్ష్యం మీ మీదే. దానికన్నా నంబరు కనిపించగానే పైకి చదవండి, మైకు పట్టేస్తుంది. డాష్‌క్యామ్‌గా వాడుతున్న ఫోన్‌ను నడుపుతూ చేతిలోకి తీసుకుంటే, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా సరే, 200 పౌండ్లు, 6 పాయింట్లు. బ్రిటిష్ లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది, థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ రాయాలి. పదేళ్లు భారత్‌లో నడిపిన అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు.

కెమెరాను రియర్‌వ్యూ అద్దం వెనక, ప్రయాణికుడి వైపు బిగించండి. వైపర్ తుడిచే భాగంలోకి 40 మిల్లీమీటర్లకు మించి రాకూడదు, స్టీరింగ్‌కు సూటిగా ఎదురుగా ఉన్న 290 మిల్లీమీటర్ల పట్టీలోనైతే 10 మాత్రమే. కారు ముందు అద్దం లోపలివైపు పట్టే పొగమంచులాంటి పొర రాత్రుళ్లు హెడ్‌లైట్ల వెలుగును పరుస్తుంది, ప్లేటు తెల్లటి మచ్చలా పడుతుంది. నెలకోసారి లోపల తుడిచి, ఒకసారి కార్డునూ ఫార్మాట్ చేయండి. మామూలు మెమరీ కార్డు అస్తమానం చెరిపి రాయడంతో త్వరగా అరిగిపోతుంది. కెమెరా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫైళ్లు మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. ఎక్కువ మన్నిక గల రకం కొనండి. ఏదైనా జరిగినప్పుడు, కారు భద్రంగా ఆపిన వెంటనే కెమెరా మీది లాక్ బటన్ నొక్కండి, లేకపోతే ఇంటికి చేరేలోపు దాని మీదే కొత్త వీడియో పడిపోవచ్చు.