అమ్మడికి, కీరా గింజలు నాటే ముందు

ఆమదాలవలస

అమ్మడూ,

కీరా ఎలా పెట్టాలని ఫోన్‌లో అడిగావు. కాగితం మీదైతే పాదు దగ్గర నిలబడి చూసుకోవచ్చని రాస్తున్నాను.

సంక్రాంతి దాటింది, చలి విరిగింది. ఇదే అదను. ఇది తప్పితే మళ్లీ జూన్‌లో తొలకరి పడ్డాకే. మండుటెండల్లో పెడితే ఎక్కువగా మగపూలే పూస్తాయి, కాపు తగ్గుతుంది.

నారు పోసి పీకి నాటకు, కీరాకి వేరు కదిపితే గిట్టదు. గింజ నేరుగా పాదులోనే పెట్టు. అడుగు లోతు గొయ్యి తీసి, బాగా చివికిన పశువుల గత్తం, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి నింపు. పచ్చి పేడ మాత్రం వద్దు. పాదుకీ పాదుకీ మూడడుగులు ఎడం ఉండాలి. నలుగురున్న ఇంటికి నాలుగు పాదులు చాలు, కాపు పట్టిందంటే వీధంతా పంచాల్సొస్తుంది.

గింజలు గులాబీ రంగులోనో నీలంగానో ఉంటే మందు పట్టించినవని అర్థం. వాటిని నానబెట్టకు, పిల్లల చేతికివ్వకు. మామూలువైతే రాత్రి నానేసి, పొద్దున్నే పాదుకి మూడేసి, గోరు లోతున పెట్టు. లోతుగా కప్పెడితే లోపలే కుళ్లిపోతాయి. 4 నుంచి 7 రోజుల్లో మొలుస్తాయి. రెండు మూడు ఆకులు వేశాక బలమైన మొక్కనొకటి ఉంచి మిగతావి కత్తెరతో మొదటికంటా కత్తిరించు. పీకావా, పక్కదాని వేరు కూడా లేచొస్తుంది. నీకు చేతులు రావని తెలుసు, అయినా తప్పదు.

లేత ఆకులకి చిల్లులు పడుతున్నాయంటే ఎర్ర పెంకు పురుగు వచ్చిందన్నమాట. పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, అప్పుడే ఏరి సబ్బునీళ్లలో వెయ్యి. పందిరికి నాలుగు సరుగుడు కర్రలు పాతి, గోగునార తాడు అల్లితే సరిపోతుంది. నేలమీద పాకిస్తే కాయ కుళ్లుతుంది.

ఇక పూత. మొదటి వారం పది రోజులు పూసినవన్నీ రాలిపోతాయి. పిన్ని మొక్కకి దిష్టి తగిలిందని మిరపకాయలు తీస్తుంది, తియ్యనీ. అవి మగపూలు, రాలడమే వాటి పని. ఆడపువ్వుని గుర్తుపట్టాలంటే పువ్వు వెనక చూడు: చిటికెనవేలంత కూడా లేని, నూగు నూగుగా ఉన్న కీరా పిందె కనబడుతుంది. పిందె పసుపెక్కి రాలిపోతోందంటే తేనెటీగలు రావట్లేదని. అప్పుడు ఎండెక్కకముందే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా రాయి. పూత మీద ఏ మందూ కొట్టకు. బూడిద తెగులొచ్చిందని ఎవరైనా గంధకం చల్లమంటే వినకు, దోస జాతి ఆకులు మాడిపోతాయి.

నీళ్ల దగ్గరే అందరూ దెబ్బతింటారు. రెండ్రోజులు ఎండబెట్టి మూడోరోజు బిందెలు కుమ్మరిస్తే కాయ వంకర తిరుగుతుంది, చేదెక్కుతుంది. పొద్దున్నే మొక్క మొదట్లో నీళ్లు పొయ్యి, ఆకులు తడపకు, పాదు చుట్టూ ఎండుగడ్డి పరుచు. చేదు తొడిమ వైపే ఎక్కువ, అక్కడ కోసి రుచి చూసి మిగతాది తిను. కోసిన ఆ ముక్కతోనే నురగొచ్చేదాకా రుద్దితే చేదు పోతుందంటారు గానీ నాకు నమ్మకం లేదు.

నాటిన యాభై రోజులకి అటూ ఇటూ కోతకొస్తుంది. జానెడు అవ్వగానే కొయ్యి, రోజు విడిచి రోజు చూడు. ఒక్క కాయ పసుపెక్కేదాకా ఉంచావంటే పాదు కొత్త పిందె వెయ్యడం తగ్గించేస్తుంది. పండు ఈగ కుట్టిన కాయని చెత్తకుప్పలో పడేయకు, పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. కవర్లో మూటగట్టి రెండ్రోజులు ఎండలో పెట్టి పారెయ్యి.

పేకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే గింజలు దాచకు, వచ్చే ఏడు ఆ రకం రాదు. నా దగ్గర నాటు రకం గింజలున్నాయి, మీ బావ విజయనగరం వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

మీ పెద్దమ్మ