రెండోసారి అడగరు

తమ్ముడూ, లియోన్‌కు వచ్చి ఇన్ని నెలలైనా ఆఫీసులో ఒక్క స్నేహితుడూ దొరకలేదనీ, ఫ్రెంచివాళ్లకు గర్వం ఎక్కువనీ రాశావు. నివాస అనుమతి కార్డు గురించి, ఇంటి అద్దె సాయం గురించి కూడా అడిగావు. అవన్నీ ప్రభుత్వం వారి సర్వీస్ పబ్లిక్ వెబ్‌సైటులో ఉన్నాయి, చూసుకో. కాగితాలు కాస్త ముందో వెనకో వస్తాయి. రోజూ మధ్యాహ్నం ఒక్కడివే తింటున్నావన్న మాటే నాకు దిగులు పుట్టించింది.

అది గర్వం కాదు. ఇక్కడివాళ్లు రెండోసారి అడగరు, అంతే. ఇది నాకు చెప్పినవాళ్లెవరూ లేరు, పడి నేర్చుకున్నాను. వచ్చిన కొత్తలో పొరుగింటివాళ్లు రాత్రి భోజనానికి పిలిచారు. ఎనిమిదికి రమ్మంటే, వంటలో ఓ చేయి వేద్దామని నేను ఇంకా ముందే వెళ్లి గంట కొట్టాను. పాపం ఆవిడ తడి జుట్టుతో వచ్చి తలుపు తీసింది. ఇక్కడ ఎవరింటికైనా చెప్పిన వేళకు పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లడమే మర్యాద. ఆఫీసు సమావేశానికి మాత్రం అలా వెళ్లకు.

నేను మాంసం తిననని చెప్పినందుకు, పాలలో, మీగడలో ఉడికించి ఓవెన్‌లో కాల్చే బంగాళాదుంపల గ్రాతాన్ చేసింది. ఎంతో రుచిగా ఉంది. ఇంకొంచెం వడ్డించనా అంటే, మన అలవాటు కొద్దీ మొహమాటపడి చాలన్నాను. మన ఇళ్లలో అయితే ఆ మాటకు విలువ ఉండదు కదా, గరిటె విస్తట్లోకి వచ్చేస్తుంది. ఇక్కడ ఆ గిన్నె నా ముందు నుంచి బల్ల అవతలి కొసకు వెళ్లిపోయింది. చీజు పళ్లెం కూడా ఒక్కసారే తిరిగింది. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాను. ఆకలి కన్నా, ఒక్కసారైనా బతిమాలలేదే అన్న చిన్నబాటు నన్ను ఎక్కువ బాధపెట్టింది. వద్దన్న మనిషిని మళ్లీ బలవంతపెట్టడం ఆ మనిషి మాటను కొట్టిపారేయడమని వాళ్లు అనుకుంటారని చాలా కాలానికి గాని తెలియలేదు. కాబట్టి కావాలంటే కావాలని చెప్పు. చీజు కోసేటప్పుడు త్రికోణపు బ్రీ ముక్క మొనను ఒక్కడివే తీసుకోకు, పక్క నుంచి పొడవుగా కోసుకో. రొట్టెను పళ్లేనికి పక్కన బల్లగుడ్డ మీదే పెడతారు, వింతగా చూడకు.

ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది. నాతో పనిచేసేవాళ్లు మొదటి వారంలో భోజనానికి రమ్మన్నారు. తాలింపు వాసనకు ఏమనుకుంటారోనన్న బెరుకుతో రానన్నాను. అక్కడితో సరి! ఆ చలికాలమంతా కంప్యూటర్ ముందు డబ్బా పెట్టుకుని తిన్నాను. పనిచేసే చోట భోజనం చేయడాన్ని ఈ దేశపు కార్మిక చట్టం నిషేధించిందని అప్పుడు నాకు తెలియదు. కోవిడ్ కాలంలో, 2021లో, తాత్కాలికంగా సడలించారంతే. ఇక్కడ మధ్యాహ్నభోజనం అంత పెద్ద వ్యవహారం. చివరికి ఒకరోజు నేనే డబ్బా పట్టుకుని వెళ్లి, మీతో కూర్చోవచ్చా అని అడిగాను. కుర్చీలు జరిపారు. ఒకావిడ పులిహోరలో ఆ నల్ల గింజలేమిటని అడిగి, ఒక చెంచా తిని చూసింది. ఇన్నాళ్లూ నాకే వాళ్లతో తినడం ఇష్టం లేదనుకున్నారట.

ఆ బల్ల దగ్గర జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెందుకు లేరు అని అడగకు. సెలవులు, వంటలు, సినిమాలు, రాజకీయాలు మాట్లాడు. గొంతులు పెంచి వాదించుకుంటారు, కాసేపటికి కలిసి కాఫీకి వెళతారు. అది పోట్లాట కాదు.

బేకరీలో గాని, డాక్టరు దగ్గర కూర్చునే గదిలో గాని, బస్సు డ్రైవరుకు గాని ముందుగా బోఁజూర్, అంటే నమస్కారం, చెప్పు. ఆ మాట లేకుండా నేరుగా రొట్టె అడిగితే, అమ్మే ఆవిడ ముఖం ముడుచుకుని బోఁజూర్ అని తనే అంటుంది. నాకు అలా పాఠం చెప్పించుకున్న అనుభవం ఉంది. ఆఫీసులో ఉదయం అందరినీ పేరుపేరునా పలకరించు. వాళ్లు చనువు ఇచ్చేదాకా వూ, అంటే మన ‘మీరు’, అనే సంబోధన వదలకు.

మీ తరం రాత్రిపూట అమ్మకు వీడియో కాల్ చేసి, ఒంటరితనం తీరిందనుకుంటుంది. ఉగాదికీ దీపావళికీ తెలుగువాళ్లను కలువు, వేసవి చివర పారిస్ లా షపెల్‌లో వినాయకుడి రథం ఊరేగింపు చూడు, వద్దనను. మరి మామూలు మంగళవారం సాయంత్రం మాటేమిటి? ఆగస్టులో ఊరంతా సెలవుల మీద వెళ్లిపోయి, వీధి చివర బేకరీ కూడా మూసేస్తే? జ్వరం వస్తే తలుపు తట్టడానికి పక్కింట్లో ఒక మనిషి ఉండాలి. మే నెల చివర్లో పొరుగువారి పండుగ జరుగుతుంది. 1999లో పారిస్ 17వ వార్డులో మొదలై దేశమంతా పాకింది. మీ భవనం గుమ్మంలో కాగితం అంటిస్తారు. అది నీక్కూడా పిలుపే, ఎవరో వచ్చి తీసుకెళతారని గదిలో కూర్చోకు. నేను వెళ్లాను కాబట్టే ఈ రోజు మా మెట్ల మీద నన్ను పలకరించకుండా ఎవరూ దిగరు.

సెప్టెంబరు మొదట్లో నగరపాలక సంస్థ సంఘాల మేళా పెడుతుంది. 1901 నాటి సంఘాల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నడిచే సంఘాలు బల్లలు వేసుకుని కూర్చుంటాయి: కొండ నడకలు, బ్యాడ్మింటన్, బృందగానం, ఏదైనా. మీ వార్డులో తేదీ ఎప్పుడో ఇప్పుడే కనుక్కో. ఏడాది చందా రూపాయల్లో లెక్కేసి వెనక్కి రాకు. వారానికోసారి కలిసే దానికే పేరు రాయించు.