డెడ్ సీ ఉప్పు నీళ్లతో కీళ్లవాతం తగ్గుతుందా?

మీ ప్రశ్న ఇది: అమ్మగారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్లమీద దాడిచేసే కీళ్లవాతం. ఆన్‌లైన్‌లో అరకిలో డెడ్ సీ ఉప్పు ప్యాకెట్ చూశారు. రోజూ ఆ ఉప్పు కలిపిన నీళ్లలో కూర్చోబెడితే, ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మందు డోసు తగ్గించొచ్చా అని.

డోసు సంగతి ముందే తేల్చేస్తా. మీ అంతట మీరు తగ్గించకండి. వేడి నీళ్లు నొప్పినీ, పట్టేసిన బిగువునీ సడలిస్తాయి. లోపల కీలు పొర వాచి ఎముకను తినేస్తుంటే దాన్ని ఆపడం నీళ్ల వల్ల కాదు, అది మందు పని. పైగా మెథోట్రెక్సేట్ ఆపిన మర్నాడే నొప్పి తిరగబెట్టదు, కొన్ని వారాలు హాయిగానే గడవొచ్చు. ఆ హాయినంతా ఉప్పు ఖాతాలో వేసుకుంటారు. తర్వాత మణికట్టు వాచినప్పుడు మాత్రం వాతావరణాన్ని తిడతారు.

ఇక ఉప్పు లెక్క చూద్దాం. డెడ్ సీ, అంటే మృత సముద్రంలో లీటరు నీటికి సుమారు 340 గ్రాముల లవణాలుంటాయి. మామూలు సముద్రంలో 35. మీ అరకిలో ప్యాకెట్‌ని 150 లీటర్ల బాత్‌టబ్‌లో కలిపితే లీటరుకు మూడు గ్రాముల చిల్లర. కాకినాడ బీచిలో మునిగితే అంతకు పదింతలు దొరుకుతుంది, అదీ ఊరికే. నిజంగా అక్కడి చిక్కదనమే కావాలంటే టబ్బుకు 50 కిలోలు గుమ్మరించాలి. ఇంకో మాట. డెడ్ సీ ఉప్పులో అన్నిటికన్నా ఎక్కువ ఉండేది మెగ్నీషియం క్లోరైడ్. స్నానపు నీళ్లలో వేసుకోమని అమ్మే ఇంకో రకం, ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. రెండూ వేరైనా అమ్మేవాళ్లు చెప్పే కథ ఒక్కటే. గులాబీ రంగు, లావెండర్ సెంటు కలిపిన రకాల జోలికి అసలు వెళ్లకండి, సోరియాసిస్ (పొలుసులు రేగే చర్మవ్యాధి) ఉన్న చర్మానికి ఆ సెంటు మండుతుంది.

మరి విదేశాల్లో స్పాలకు వెళ్లినవాళ్లు తేలికపడి వస్తున్నారు కదా అంటారు. వస్తారు. 2001లో వచ్చిన ఒక డచ్ అధ్యయనంలో యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక బిగుసుకుపోయే కీళ్లవాతం) ఉన్న 120 మందిని మూడు జట్లు చేశారు. 40 మందిని ఆస్ట్రియాలోని బాడ్ హోఫ్‌గాస్టైన్‌కి పంపారు. అక్కడ కొండ లోపల రాడాన్ అనే రేడియోధార్మిక వాయువున్న వేడి సొరంగం ఉంది. ఇంకో 40 మంది నెదర్లాండ్స్‌లోనే ఆర్సెన్ అనే ఊళ్లో ఉన్నారు, వాళ్లకు సొరంగం బదులు సౌనా, అంటే వేడి గది. మిగతా 40 మంది ఇంటిపట్టునే ఉండి వారానికోసారి వ్యాయామం. మూడు వారాల తర్వాత రెండు స్పా జట్లూ ఇంటి జట్టుకన్నా బాగున్నాయి, ఆ మేలు నెలల తరబడి నిలిచింది. సొరంగం జట్టుకు కాస్త ఎక్కువ కాలం నిలిచింది, అది ఒప్పుకోవాలి. కానీ రెండు చోట్లా రోజూ నడక, నీళ్లలో వ్యాయామం, వెన్ను నిటారుగా ఉంచే సాధన ఉన్నాయి. నా దృష్టిలో పెద్ద మందు ఇంకోటుంది: మూడు వారాలు వంట లేదు, అంట్లు లేవు, బట్టలు పిండడం లేదు. ఆ సెలవు అమ్మగారికి ఇంట్లోనే ఇచ్చి చూడండి.

మన ఇళ్లలో అసలు చిక్కు బకెట్ స్నానం. చెంబుతో పోసుకుంటే వేడి నిమిషం కూడా నిలవదు, నీళ్లలో మునిగినప్పటిలా కీళ్లమీద ఒంటి భారమూ తగ్గదు. కాబట్టి చేతులకు బేసిన్ పెట్టండి. ఉదయం లేవగానే, వేళ్లు ముడవలేని ఆ గంటలోనే. ముందు ఉంగరాలు, గాజులు తీసేయాలి, వాపు పెరిగితే తర్వాత రావు. బేసిన్‌లో ఏడు లీటర్ల కుళాయి నీళ్లు పోసి, మీదట ఒక లీటరు మరిగిన నీళ్లు కలపండి. కుళాయి నీళ్లు 30 డిగ్రీలుంటే అది 38, 39 దగ్గర ఆగుతుంది. చలికాలంలో 22కి దిగితే మరిగిన నీళ్లు లీటరున్నర పైనే పడతాయి. థర్మామీటరుతో చూడండి. అది లేకపోతే మోచేయి ముంచి చూడాలి. వాచిన వేళ్లతో చూస్తే ఎప్పుడూ ఇంకా వేడి కావాలనే అనిపిస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు చేతులు ఊరికే ముంచి ఉంచాలి. తర్వాత నీళ్లలోనే మెల్లగా పిడికిలి ముడవడం, విప్పడం, బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకడం. అరచేతిని బేసిన్ అడుగున పరిచి, వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలి వైపు జరపడం మరిచిపోవద్దు. ఈ జబ్బులో వేళ్లు చిటికెనవేలి వైపు వంగిపోతాయి, ఇది దానికి ఎదురు పని. ఒక్కోటి పదిసార్లు చాలు. స్పాంజి గట్టిగా పిండించకండి. నీళ్లు చల్లారితే చేతులు బయటికి తీశాకే వేడినీళ్లు కలపాలి. మొత్తం పదిహేను నిమిషాలు. అయ్యాక తుడిచి పొడి తువ్వాలు చుట్టాలి, ఫ్యాను ఆపాలి. ఫ్యాను కింద తడిచేతులతో కూర్చుంటే చేసిందంతా పోతుంది. కీలు ఎర్రగా, ముట్టుకుంటే కాలుతూ ఉన్న రోజున మాత్రం వేడి వద్దు, ఐస్‌ని గుడ్డలో చుట్టి పెట్టండి.

మోకాళ్లకు, తుంటికి పూల్ కావాలి. రొమ్ము లోతు నీళ్లలో నిలబడితే కాళ్లమీద పడేది ఒంటి బరువులో మూడో వంతే. ఫిజియోథెరపీ పూల్ దొరికితే నీళ్లు 33 నుంచి 36 డిగ్రీలున్నాయా, పట్టుకోడానికి కడ్డీ ఉందా అని అడగండి. అపార్ట్‌మెంట్ పూల్ పొద్దున్నే చల్లగా ఉంటుంది, వేసవిలో సాయంత్రం పనికొస్తుంది. వేడి నీళ్లలోంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడి కళ్లు తిరుగుతాయి, కాబట్టి గట్టుమీద రెండు నిమిషాలు కూర్చుని లేవాలి.

భద్రాచలం దగ్గర గుండాల, బరంపురం అవతల తప్తపాని లాంటి వేడి ఊటలకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మెథోట్రెక్సేట్, ఈ జబ్బుకే ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అందరూ దిగే గుంటలో పుండుతో దిగకూడదు, ముక్కులోకి నీళ్లు పోనివ్వకూడదు. జ్వరం, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ఊటే కాదు, ఇంట్లో వేడి టబ్బూ వద్దు.

ఆ ప్యాకెట్ ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి. పాదాల బేసిన్‌లో గుప్పెడు వేసుకోవచ్చు, నష్టం లేదు. తర్వాత మంచినీళ్లతో కడిగి కొబ్బరినూనె రాయండి. అమ్మగారికి షుగరు ఉంటే పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, నీళ్ల వేడి ఆవిడ కాదు, మీరు చూడాలి.