ఫ్రీమేసన్ లాడ్జిలో సభ్యులకు నేర్పేది ఏమిటి?

ఫ్రీమేసన్లంటే రాతిపనివారి గుర్తులను వాడుకునే ఒక సోదర సంఘం సభ్యులు; వారి స్థానిక శాఖే లాడ్జి. అక్కడ ఏదో రహస్య విద్య ఉంటుందని చాలామంది ఊహ. నేర్పేది మామూలు నీతి పాఠమే, నేర్పే పద్ధతే వింత. ఇంగ్లండు సంప్రదాయంలో మూల విలువలు మూడు: సోదరప్రేమ, ఆపన్నులకు సాయం, సత్యం. లాడ్జిలో మత, రాజకీయ వాదనలు నిషిద్ధం. తొలి నియమావళి లండన్‌లో 1723లో అచ్చయింది.

శిక్షణ మూడు అంచెలుగా సాగుతుంది. రాతిపనివారి పనిముట్లే పాఠాలు. మొదటి అంచెలో 24 అంగుళాల కొలబద్ద చూపిస్తారు. రోజులోని 24 గంటలను ప్రార్థనకు, పనికి, విశ్రాంతికి, తోటివారి సాయానికి పంచుకోవాలని దాని భావం. ఉలి విద్యకు గుర్తు, మూలమట్టం సత్ప్రవర్తనకు. రెండో అంచెలో వ్యాకరణం, తర్కం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం వంటి ఏడు శాస్త్రాలను ప్రస్తావిస్తారు. ప్రస్తావనే సుమా, అక్కడ ఎవరూ లెక్కలు చేయించరు!

పై అంచెకు వెళ్లాలంటే నిర్ణీత ప్రశ్నలకు జవాబులు కంఠతా అప్పజెప్పాలి. నా దృష్టిలో బలహీనత ఇక్కడే ఉంది: కంఠస్థమైన ప్రతిదీ బుర్రకెక్కదు. చర్చ, పఠనం కావాలనుకునేవారికి పరిశోధన లాడ్జిలు వేరే ఉన్నాయి. ఊహాగాథలు కాక ఆధారాలతో మేసన్ల చరిత్ర రాయాలని 1884లో అనుమతి పొందిన లండన్‌ క్వాటూర్ కొరొనాటి లాడ్జి వాటిలో పేరున్నది.