మూతపడ్డ ఈత కొలను: అర్జీలో ఏం రాయాలి?

ప్రశ్న: మా పట్టణంలో మున్సిపాలిటీ ఈత కొలనుకు రెండు వేసవులుగా తాళం. కాలనీవాళ్లమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. నిధులు లేవన్నారు. మళ్లీ ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ‘కొలను తెరిపించండి’ అని ఒక్క ముక్క రాసిస్తే, నిధులు లేవని ఒక్క ముక్కలో పంపేస్తారు. కొలను కట్టే ఉంది కదా, ఆగింది నడిపే ఖర్చు దగ్గర. ఆ ఖర్చేదో మీరే లెక్కగట్టి అర్జీకి జతచేయండి.

25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు అనుకుందాం. సుమారు 4.7 లక్షల లీటర్ల నీళ్లు. ఆరు గంటలకోసారి అవన్నీ ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 78 వేల లీటర్లు తోడాలి. ఏడున్నర హెచ్‌పీ మోటారు పడుతుంది. రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు 2,000 యూనిట్లు దాటుతుంది. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య నిలవాలి. ఈ నీళ్లలో 2 మిల్లీగ్రాములు పెంచడానికి 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ మూడు కిలోలకు పైనే కావాలి. ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి పెద్ద మోతాదు సాయంత్రం, జనం వెళ్లాక వేయాలి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2–7.8 మధ్య ఉండాలి, అంతకు మించితే క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుంది. పీహెచ్ తగ్గించడానికి వాడే యాసిడ్‌ను, క్లోరిన్‌ను ఒకే గదిలో పక్కపక్కన పెట్టకూడదు, కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇక మరమ్మతులు. రెండేళ్లు ఆగిన ఫిల్టరులో ఇసుక గడ్డకట్టి ఉంటుంది, మార్చాల్సిందే. పంపు సీలు ఎండి ఉంటుంది. వానాకాలంలో కొలను ఖాళీగా వదిలేశారేమో కనుక్కోండి. భూగర్భజలం పైకొస్తే కింద నుంచి ఒత్తిడి పెరిగి నేల పగులుతుంది. పగిలితే మాత్రం ఖర్చు వేరే లెక్క, ఇంజినీరు చూడకుండా అంకె వేయొద్దు.

జీతాల పద్దు మరవకండి. తెరిచి ఉన్నంతసేపూ గట్టున ఇద్దరు లైఫ్‌గార్డులు, పంపు చూసే మనిషి ఒకరు. ఆడవాళ్లకు వేరే వేళ అడిగితే మహిళా లైఫ్‌గార్డు కూడా. ఎంపీ నిధులతో ఈ పద్దు గట్టెక్కించవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, అవి ఆస్తులు సమకూర్చడానికి. జీతం, కరెంటు బిల్లు మున్సిపల్ బడ్జెట్లోనే పడాలి. అది ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి డిసెంబరులోగా అర్జీ చేరాలి. మార్చిలో ఎండలు చూసి కదిలితే ఆ వేసవీ పోయినట్టే.

దానికి ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్ల కరెంటు బిల్లులు, టికెట్ల రాబడి, మరమ్మతు అంచనాలు, మంజూరైన పోస్టులు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. అంకెలు వాళ్లవే అయితే కాదనలేరు. అర్జీ కమిషనర్‌కు ఇచ్చి, నకలు వార్డు కౌన్సిలర్‌కు ఇవ్వండి, పాలకవర్గం లేకపోతే ప్రత్యేకాధికారికి. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లోనూ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

ప్రశ్న: నాగావళి ఏరు ఉండగా ఈత కొలను ఎందుకని అంటున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఏటిలో ఇసుక తీసిన గోతులు పైకి కనబడవు. నిన్న మోకాలిలోతున్న చోట రేపు నిలువులోతు ఉండొచ్చు. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఈత రాని పిల్లలకు అడుగు తెలిసిన చోట, నడుములోతు నీళ్లలో నేర్పాలి. కొలను పెద్దదే కానక్కర్లేదు. 12 మీటర్ల పొడవు, ఒక మీటరు లోతు ఉన్నది వార్డుకొకటి చాలు, ఖర్చూ బాగా తగ్గుతుంది.