అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ అవ్వాలంటే క్లినికల్ కష్టమా, అడ్మినిస్ట్రేటివ్ కష్టమా?

మీరు గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశారు, డాలస్ వచ్చాక ఈఏడీ (ఇక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్ కార్డు) చేతికొచ్చింది, సూదులన్నా ఈసీజీ అన్నా టెన్షన్‌గా ఉంది కానీ ఆఫీసు పనిదేముంది ఎవరైనా చేస్తారు అంటున్నారు. నేను టెక్సస్‌లోనే ఒక ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో ఎంఏగా, అంటే మెడికల్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. నన్నడిగితే మీ లెక్క తిరగబడింది. సూది పని చేతికి త్వరగానే అలవాటవుతుంది, చుక్కలు చూపించేది ఇన్సూరెన్సే.

టెక్సస్‌లో ఎంఏకి స్టేట్ లైసెన్స్ అక్కర్లేదు, డాక్టర్ అప్పగించిన పనిని ఆయన బాధ్యత మీద చేస్తాం. అలాగని సర్టిఫికెట్ లేకుండా అప్లై చేస్తే పిలిచేవాళ్ళు తక్కువ. వాషింగ్టన్‌లో అయితే రాష్ట్రం ఇచ్చే గుర్తింపు ఉండి తీరాలి, రేపు మీవారికి సియాటిల్‌లో ఉద్యోగం వస్తే ఇది గుర్తుకొస్తుంది. మా దగ్గర ఎక్కువమంది రాసింది సీసీఎంఏ అనే సర్టిఫికెట్ పరీక్ష: 3 గంటలు, 180 ప్రశ్నలు, అందులో లెక్కలోకొచ్చేవి 150.

క్లినికల్‌లో బట్టీ పట్టకుండా కారణం పట్టుకోండి. రక్తం తీసేటప్పుడు ట్యూబుల మూతల రంగులని బట్టి వరుస ఉంటుంది: కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఉంటే అది ముందు, తర్వాత లేత నీలం, ఎరుపు లేదా గోల్డ్, ఆకుపచ్చ, లావెండర్, చివర్లో గ్రే. లావెండర్ ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా ఆపే, పొటాషియం ఉన్న ఈడీటీఏ, అది కొంచెం తర్వాతి ట్యూబులోకి అంటుకున్నా రిపోర్టులో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తుంది, పేషెంట్ మాత్రం బాగానే ఉంటాడు. ఇది తెలిస్తే వరుస దానంతటదే గుర్తుంటుంది. బీపీకి పేషెంట్ అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, పాదాలు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. మన పెద్దవాళ్ళు కాలు మీద కాలేసుకుని, కఫ్ బిగుస్తుండగానే కోడలి సంగతులు మొదలుపెడతారు, రెండూ రీడింగ్ పెంచేవే.

ఇక అడ్మినిస్ట్రేటివ్. ఐసీడీ కోడ్ పేషెంట్ ఎందుకొచ్చాడో చెబుతుంది, సీపీటీ కోడ్ మనం ఏం చేశామో చెబుతుంది, రెండూ పొసగకపోతే క్లెయిమ్ వెనక్కొస్తుంది. ఐ10 అంటే హైబీపీ, ఈ11.9 అంటే కాంప్లికేషన్లు లేని టైప్ 2 షుగర్, 36415 అంటే సిర నుంచి రక్తం తీయడం. మూడేళ్ళలో అదే గ్రూపులో అదే స్పెషాలిటీ డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్ళు పాత పేషెంట్, లేకపోతే కొత్త, కోడ్ మారిపోతుంది. "కోపే (విజిట్‌కి కట్టే నిర్ణీత మొత్తం) కట్టాను కదా, ఈ బిల్లేంటి?" అని కౌంటర్ దగ్గర అడిగే మనిషికి డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు పేషెంట్ సొంతంగా కట్టాల్సిన మొత్తం, ఇంకా పూర్తవలేదు అని విసుక్కోకుండా విడమరిచి చెప్పగలిగితే మీకు సగం ఉద్యోగం వచ్చినట్టే. ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ముందే అనుమతి తీసుకోవడం, ఇంకో తలనొప్పి. డాక్టర్ ఎంఆర్ఐ రాస్తారు, ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు ఏ మందు వాడారు, ఫిజియోథెరపీ ఎన్ని వారాలు చేశారు అని అడుగుతారు, అవన్నీ చార్టులో ఉన్నాయా అని వెతికి పంపేది మనమే.

పేరు, పుట్టిన తేదీ రెండూ పేషెంట్ నోటితోనే చెప్పించుకోవాలి, ప్రతిసారీ. చదివేటప్పుడు ఇదొక రూలా అనిపిస్తుంది. మనవాళ్ళ అమ్మానాన్నలు విజిట్‌కి వచ్చినప్పుడు తెలుస్తుంది దీని తడాఖా: పాస్‌పోర్టులో ఉన్నది సర్టిఫికెట్ తేదీ, ఆయన చెప్పేది అసలు పుట్టినరోజు, ఇంటిపేరు ముందో వెనకో ఎవరికీ తెలియదు. పైగా ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. 04/07 అంటే ఏప్రిల్ 7.

ఏం చేయకూడదో కూడా సిలబస్సే. మీరు క్లినిక్‌లో చేస్తున్నారని తెలిస్తే చాలు, తెలిసిన ప్రతివాళ్ళూ వాట్సాప్‌లో రిపోర్టు పెట్టి "ఇదేంటో చెప్పమ్మా" అంటారు. ఎంఏ రోగం పేరు చెప్పకూడదు, రిపోర్టుకి అర్థం చెప్పకూడదు, సొంతంగా మందు డోసు మార్చమనకూడదు. పనిలేకుండా స్నేహితురాలి చార్టు తెరవడం కూడా హిపా (పేషెంట్ వివరాల గోప్యత చట్టం) ఉల్లంఘనే, ఎవరు ఏ చార్టు తెరిచారో సిస్టమ్‌లో నమోదవుతుంది, ఉద్యోగం పోతుంది. పరీక్షలో ఏ జవాబో తేలకపోతే, మీరే సలహా ఇచ్చేదాన్ని వదిలేసి డాక్టర్‌కి తెలియజేసేదాన్ని ఎంచుకోండి, చాలాసార్లు అదే కరెక్టు.

కోర్సుకి ఫీజు కట్టేముందు సీఏఏహెచ్ఈపీ గానీ ఏబీహెచ్ఈఎస్ గానీ (కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థలు) గుర్తింపు ఉందేమో చూడండి, లేకపోతే తర్వాత సీఎంఏ అనే ఇంకో సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటే అడ్డు రావచ్చు. చేరేటప్పుడు టీబీ టెస్టు అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనకి చర్మం మీద చేసే టెస్టు జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు, అప్పుడు ఎక్స్‌రే తీయించుకోమంటారు, కాబట్టి క్వాంటిఫెరాన్ లాంటి రక్త పరీక్షే చేయమని ముందే అడగండి. హెపటైటిస్ బి టీకా కాగితాలు ఇంటి దగ్గర బీరువాలో ఉంటే ఇప్పుడే ఫొటో తీయించి పెట్టుకోండి, లేకపోతే టైటర్ టెస్టు (రక్తంలో టీకా రక్షణ ఉందో లేదో చూసేది) చేయించుకోవాలి, టీకాలు మొదటినుంచీ వేయించుకోవాల్సి వస్తే మూడు డోసులదానికి ఆరు నెలలు పడుతుంది.